పాట అందరికీ తెలుసు, రాసినాయన పేరేది? ఫోన్ పట్టుకున్న మన పిల్లలతో మాట్లాడాల్సిన సంగతులు

ఏప్రిల్ 14 వచ్చిందంటే మన ఫోన్లన్నీ నీలం రంగుకు మారిపోతాయి. స్టేటస్‌లు, రీల్స్, పోస్టర్లు, ర్యాలీ లైవ్‌లు. సంతోషమే. పేపర్లో నాలుగు లైన్ల వార్త పడితే చాలనుకుని విలేకరుల చుట్టూ తిరిగిన ఉద్యమానికి ఇవాళ సొంత కెమెరా ఉంది, సొంత చానల్ ఉంది. కానీ ఆ స్టేటస్‌ల దగ్గర ఒక్క నిమిషం ఆగి చూడండి. బాబాసాహెబ్ బొమ్మ కింద ఉన్న మాట ఆయన ఏ పుస్తకంలో రాశారో, ఏ సభలో అన్నారో ఉండదు. వెనక మోగే పాట ఎవరిదో ఉండదు. దాన్ని ఎడిట్ చేసిన తమ్ముడి పేజీ పేరు మాత్రం మూలన వాటర్‌మార్క్‌గా మెరుస్తుంటుంది. ఇక కింద కామెంట్లలోకి దిగితే కులం పేరు పెట్టి తిట్టేవాళ్లు, వాళ్లకు అంతకంటే పచ్చిగా బదులు తిట్టే మనవాళ్లు.

దీన్నంతటినీ కలిపి బడి పుస్తకాలు 'డిజిటల్ పౌరసత్వం' అంటున్నాయి. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి కంప్యూటర్ సైన్స్ పుస్తకంలో చివరి పాఠం ఇదే. మనం నెట్‌లో వదిలే అడుగుజాడలు, మర్యాదగా మాట్లాడటం, కాపీరైట్, సైబర్ నేరాలు అన్నీ అందులో ఉన్నాయి. పాఠం మంచిదే. అయితే అది అందరూ సమానంగా నడిచే వీధిని ఊహించుకుని రాసిన పాఠం. మన పిల్లలు నడిచే వీధి వేరు. 1927 మార్చి 20న మహాడ్‌లో చవదార్ చెరువు దగ్గరకు వేలమంది నడిచిపోయినప్పటికే ఆ చెరువు చట్టం ప్రకారం అందరిదీ. మున్సిపాలిటీ తీర్మానం కూడా చేసింది. అయినా నీళ్లు తాగి వెనక్కొచ్చినవాళ్ల మీద దాడి జరిగింది. ఇంటర్నెట్ కూడా కాగితం మీద అందరిదే. మన పిల్లలు అందులోకి వెళ్లగలుగుతున్నారు. అక్కడ తలెత్తుకుని నిలబడాలంటే కొన్ని పనిముట్లు చేతిలో ఉండాలి. హాస్టల్ గదుల్లో, స్టడీ సర్కిళ్లలో వాటి గురించి ఎలా మాట్లాడుకోవాలో ఇక్కడ చెప్పాలనుకుంటున్నాం.

పేరు తీసేయడం చిన్న విషయం కాదు

ముందు పాట సంగతి. గూడ అంజయ్య రాసిన 'ఊరు మనదిరా' పాట తెలియని కార్యకర్త ఉండడు. ఆ పాట రాసింది ఎవరని డిగ్రీ విద్యార్థులను అడగండి, నాలుగు వేర్వేరు పేర్లు చెబుతారు. వరకట్న చావుల మీద కలేకూరి ప్రసాద్ రాసిన పాటను చాలామంది 'శ్రీరాములయ్య' సినిమా పాటగానే గుర్తుపెట్టుకున్నారు. ఉద్యమ పాటలకు పేరు అక్కర్లేదు, అవి ప్రజల సొత్తు అని ఒక వాదన ఉంది. దాన్ని మేం గౌరవిస్తాం. అజ్ఞాతంలో ఉన్నవాళ్లు పేరు పెట్టుకోలేని రోజులూ ఉన్నాయి. కానీ రాసినవాడు తానుగా పేరు వదులుకోవడం ఒకటి, వాడిని అడక్కుండా మనం తీసేయడం మరొకటి. ఈ దేశంలో ఎవరి పేరు తీసేస్తే ఎవరూ పట్టించుకోరో మనకు తెలిసిందే. చెప్పు కుట్టినవాడి పేరు చెప్పు మీద ఉండదు, డప్పు కట్టినవాడి పేరు డప్పు మీద ఉండదు. అదే అలవాటు పాటకూ వచ్చింది.

ఈ విషయం మీద పిల్లలకు చెప్పడానికి తమిళంలో జరిగిన ఒక కథ బాగా పనికొస్తుంది. 2021 మార్చిలో 'ఎంజాయ్ ఎంజామి' పాట వచ్చింది. రాసింది దళిత కవి, ర్యాపర్ అరివు. ధీతో కలిసి తనే పాడాడు. సంగీత నిర్మాత సంతోష్ నారాయణన్. శ్రీలంక టీ తోటల్లో చాకిరీ చేసి, సెంటు భూమి లేకుండా తిరిగొచ్చిన అరివు అవ్వ వల్లియమ్మాళ్ లాంటి మనుషుల బతుకు ఆ పాటలో ఉంది. యూట్యూబ్‌లో కోట్ల మంది చూశారు. అదే ఏడాది ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా పత్రిక ముఖచిత్రం మీద ధీ ఉంది, మరో తమిళ ర్యాపర్ ఉన్నాడు, అరివు లేడు. దర్శకుడు పా రంజిత్ బహిరంగంగా ప్రశ్నించాడు, గొడవైంది. ఆ తర్వాత పత్రిక అరివుతో డిజిటల్ ముఖచిత్రం వేసింది. 2022 జూలైలో చెన్నై చెస్ ఒలింపియాడ్ ప్రారంభ వేదిక మీద అదే పాట అరివు లేకుండా వినిపించింది. ఈ పాటకు నాకెవరూ బాణీగానీ ఒక్క మాటగానీ ఇవ్వలేదు అనే అర్థంలో అరివు ఇన్‌స్టాగ్రామ్‌లో రాశాడు. అందరిదీ సమాన భాగమే అని సంతోష్ నారాయణన్ బదులిచ్చాడు. 2024 మార్చిలో ఆయనే బయటికొచ్చి, ఈ పాట మీద మా ముగ్గురిలో ఎవరికీ ఒక్క పైసా రాలేదని చెప్పాడు.

ఇందులో ఎవరిది ఎంత తప్పో తేల్చడం మా పని కాదు. పిల్లలు గమనించాల్సినవి రెండు హక్కులు. ఒకటి పేరు, రెండోది డబ్బు. అవి వేర్వేరు. ఒకటి దక్కి ఇంకొకటి దక్కకపోవచ్చు, రెండూ పోవచ్చు.

కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని ప్రకారం పాట రాసిన క్షణం నుంచే అది రాసినవారిది. ఎక్కడా రిజిస్టర్ చేయించాల్సిన పని లేదు. నోటుబుక్కులో రాసినా, ఫేస్‌బుక్ గోడ మీద రాసినా అంతే. రోహిత్ వేముల ఫేస్‌బుక్ రాతలను 2017లో పుస్తకంగా తెచ్చారు. పోస్టు కూడా రచనే అనడానికి అంతకంటే ఉదాహరణ ఎందుకు? చట్టంలో సెక్షన్ 57 రాసినవారికి రెండు నైతిక హక్కులు ఇస్తుంది. ఇది నాది అని చెప్పుకునే హక్కు, నా పరువు పోయేలా నా రాతను మార్చొద్దు అనే హక్కు. పాటను ఎవరికైనా అమ్మేసినా ఈ హక్కులు రాసినవారి దగ్గరే ఉంటాయి. కాబట్టి ఒక దళిత కవి పాటలో 'మాదిగ' అన్న మాట తీసేసి 'పేద' అని పెట్టి రీల్ చేసినవాడు పాటను అందంగా మార్చానని అనుకోవచ్చు. రాసినవారు అభ్యంతరం చెబితే మాత్రం వారి చేతిలో చట్టం ఉంది.

డబ్బు సంగతికొస్తే, యూట్యూబ్ చానళ్లకు ర్యాప్, జానపదం పాడుతున్న మన కుర్రాళ్లకు సెక్షన్ 19 ఎవరైనా చదివి వినిపించాలి. హక్కులు ఇచ్చేయడం నోటిమాటతో కుదరదు, రాతపూర్వకంగా సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లకు అని రాయకపోతే ఐదేళ్లకే అని అర్థం. ఏ ప్రాంతానికి అని రాయకపోతే భారతదేశానికే. 2012లో వచ్చిన సవరణ ఇంకో మెట్టు ముందుకెళ్లింది. సినిమా పాట అయినా, విడి ఆల్బమ్ అయినా, పాట రాసినవారు, బాణీ కట్టినవారు తమ రాయల్టీ వాటాను నిర్మాతకు వదిలేసుకున్నామని సంతకం పెట్టినా ఆ సంతకం చెల్లదు. వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప దాన్ని ఇవ్వడానికి లేదు. 'బ్రో, ఫ్రీగా పాడు, నీకు ఫేమ్ వస్తుంది' అనే చానల్‌వాళ్లను ఒక కాగితం అడగమని మా మాట. కాగితం అడిగితే అవకాశం పోతుందని భయం ఉంటుంది, నిజమే. పోయిన అవకాశాల కంటే పోయిన పాటలే ఎక్కువ.

పాడేవారికీ హక్కుంది. పాట తరతరాలదైనా పాడిన గొంతు ఒకరిది. సెక్షన్ 38 కింద పాడినవారికి, వాయించినవారికి ఆ ప్రదర్శన మీద 50 ఏళ్ల హక్కు ఉంటుంది. పేరు వేయమని అడిగే హక్కు కూడా 2012 సవరణలో చేరింది. నాట్లేసేటప్పుడు పాడే అవ్వ దగ్గర ఫోన్ పెట్టి రికార్డు చేసుకొచ్చి, మన చానల్లో 'పల్లె పాట' అని పెట్టేస్తాం. అవ్వ పేరు, ఊరు ఉండవు. లక్ష వ్యూస్ వచ్చాయని ఆమెకు తెలియదు కూడా. కిన్నెర మొగులయ్య సంగతి అందరూ చూశారు. డక్కలి కులపు కళాకారుడు, 'భీమ్లా నాయక్' పాటతో రాష్ట్రమంతా తెలిసిన గొంతు, 2022లో పద్మశ్రీ. 2024 మే నెలలో హైదరాబాద్ శివారులో కూలిపని చేస్తున్నారని వార్తలొచ్చాయి. వ్యూస్ అనేవి అన్నం పెట్టవు. ఎవరి ఖాతాలోకి వెళ్తున్నాయో దాన్నిబట్టి ఉంటుంది.

పుస్తకాల పీడీఎఫ్‌లు

ఇక్కడ మనవాళ్లకే కొంచెం చురుక్కుమనే మాట ఉంది. టెలిగ్రామ్ గ్రూపుల్లో దళిత సాహిత్యం పీడీఎఫ్‌లు గుట్టలుగా తిరుగుతుంటాయి. పుస్తకం కొనలేని పిల్లవాడు చదువుకుంటాడు కదా అంటారు. ఆ బాధ మాకు తెలియనిది కాదు. కానీ ఐదొందల కాపీలు వేసి, అవి అమ్ముడుపోతే తప్ప రెండో పుస్తకం వేయలేని చిన్న ప్రచురణకర్తలే మన సాహిత్యాన్ని నిలబెట్టారు. పెద్ద కార్పొరేట్ ప్రచురణ సంస్థకు తగిలే దెబ్బ, జీతం డబ్బుతో సొంత కవిత్వం అచ్చేసుకున్న టీచరమ్మకు తగిలే దెబ్బ ఒకటి కాదు. చట్టం ఈ తేడా చూడదు. మనం చూడొచ్చు.

చదువుకోవడానికి చట్టం ఇచ్చిన దారులు కూడా తక్కువేం కాదు. సొంత చదువుకు, పరిశోధనకు, విమర్శకు న్యాయమైన మేరకు వాడుకోవచ్చని సెక్షన్ 52 చెబుతుంది. పాఠం చెప్పే క్రమంలో టీచరు, విద్యార్థి కాపీ చేసుకోవడం ఉల్లంఘన కాదు. ఢిల్లీ యూనివర్సిటీ ఆవరణలోని ఒక జెరాక్స్ షాపు మీద పెద్ద విదేశీ ప్రచురణ సంస్థలు కేసు వేసినప్పుడు, కోర్సుకు కావాల్సిన భాగాలను జెరాక్స్ తీసి పుస్తకంగా కుట్టడం తప్పు కాదని ఢిల్లీ హైకోర్టు 2016లో చెప్పింది. విద్యార్థులు కూడా ఆ కేసులో చేరి పోరాడారు. 2017లో ప్రచురణకర్తలు దావా వెనక్కి తీసుకున్నారు. ఈ తీర్పు మన పిల్లలకు తప్పకుండా తెలియాలి. హాస్టల్లో పది పేజీలు జెరాక్స్ తీసుకుని భయపడాల్సిన పని లేదు. అయితే కొత్తగా వచ్చిన పుస్తకం మొత్తం స్కాన్ చేసి వేలమంది ఉన్న గ్రూపులో పడేయడం ఆ తీర్పు కిందికి రాదు.

అంబేద్కర్ రచనల మాటేమిటని ప్రతిసారీ అడుగుతారు. మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది. బాబాసాహెబ్ 1956 డిసెంబర్ 6న పోయారు. కాబట్టి ఆయన బతికుండగా అచ్చయిన పుస్తకాలు, 1936 నాటి 'కుల నిర్మూలన' సహా, 2017 జనవరి 1 నుంచి ఎవరైనా అచ్చేసుకోవచ్చు, చదివి ఆడియో పెట్టుకోవచ్చు. ఆయన పోయాక మొదటిసారి వెలుగు చూసినవాటికి లెక్క అచ్చయిన ఏడాది నుంచి మొదలవుతుంది. 'రిడిల్స్ ఇన్ హిందూయిజం' 1987లో వచ్చింది, అంటే 2047 చివరిదాకా దాని మీద కాపీరైట్ ఉంటుంది. ఇంకో మెలిక ఉంది. మూలం స్వేచ్ఛగా దొరికినా తెలుగు అనువాదం అనువాదకుడిది. దానికి వేరే లెక్క. ముందుమాటలు, కింద ఇచ్చిన వివరణలు రాసినవారివి. మహారాష్ట్ర ప్రభుత్వం 1979 నుంచి తెచ్చిన ఇంగ్లిషు సంపుటాలు విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. దొంగ పీడీఎఫ్ కోసం వెతికే ముందు అక్కడ చూడండి. పోస్టర్ మీద పెట్టే మాట నిజంగా ఆయనదేనా అని సరిచూసుకోవడానికి కూడా అదే చోటు. సంపుటం, పేజీ దొరకని మాటను ఆయన పేరు మీద తిప్పొద్దు. ఎదుటివాడు ఒక్క తప్పుడు ఉటంకింపు పట్టుకుంటే మన పది నిజాలను పక్కన పడేస్తాడు.

తిట్టినవాడికి ఏం చేయాలి

రిజల్ట్ వచ్చిన రోజు కాలేజీ గ్రూపులో ఒక స్క్రీన్‌షాట్ పడుతుంది. ఫలానా అమ్మాయి ర్యాంకు, కేటగిరీ, సీటు వచ్చిన కాలేజీ. కింద నవ్వుతున్న బొమ్మలు. తిట్టు ఒక్కటి కూడా ఉండదు, కానీ ఆ అమ్మాయి వారం రోజులు తలెత్తి నడవలేదు. 2019 మేలో ముంబైలో ప్రాణం తీసుకున్న ఆదివాసీ డాక్టర్ పాయల్ తడ్వీ కేసులోనూ సీనియర్లు వాట్సాప్ గ్రూపుల్లో ఎద్దేవా చేశారన్న ఆరోపణ ఉంది. దీన్ని సరదా అని కొట్టిపారేసే అధ్యాపకులను చూస్తూనే ఉన్నాం.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది, 2016 జనవరి 26 నుంచి సవరణలతో బలపడింది. నెట్‌లో జరిగేవాటికి పనికొచ్చే క్లాజులు నాలుగు. సెక్షన్ 3(1)(ఆర్) నలుగురూ చూసేచోట కావాలని అవమానించడం, బెదిరించడం గురించి. 3(1)(ఎస్) కులం పేరుతో దూషించడం. 3(1)(యు) మాటతోగానీ రాతతోగానీ ఎస్సీ, ఎస్టీల మీద ద్వేషం రెచ్చగొట్టడం. 3(1)(వి) మనం ఎంతో గౌరవించే, కీర్తిశేషులైన వ్యక్తిని అగౌరవపరచడం. అంబేద్కర్ బొమ్మను మార్ఫింగ్ చేసి మీమ్ పెట్టినవాడికి ఈ చివరిది వర్తిస్తుంది. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్లు.

'నలుగురూ చూసేచోటు' అంటే ఏది? ఇంటి నాలుగు గోడల మధ్య అన్న మాట దీనికిందికి రాదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. ఫేస్‌బుక్ గోడ నాలుగు గోడల్లో ఒకటి కాదు మరి. సెట్టింగులు ప్రైవేటుగా ఉన్నా నలుగురు స్నేహితులు చూడగలిగితే అది బహిరంగమే కావచ్చని ఢిల్లీ హైకోర్టు 2017లో అంది. అదే కేసులో ఆ పోస్టులు ఒక వ్యక్తిని ఉద్దేశించినవి కావు, కులం మొత్తం గురించినవి అంటూ ఎఫ్‌ఐఆర్ కొట్టేసింది. అందుకే ఫిర్యాదు రాసేటప్పుడు తిట్టు ఎవరిని ఉద్దేశించిందో స్పష్టంగా రాయాలి. కులం మొత్తాన్ని అంటే 3(1)(యు) చూడాలి. యూట్యూబ్ వీడియోలో జరిగిన అవమానం గురించి కేరళ హైకోర్టు 2022 జూలైలో ఇంకా ముందుకెళ్లింది. వీడియో తెరిచి చూసిన ప్రతిసారీ బాధితులు అక్కడ ఎదురుగా ఉన్నట్టే లెక్క అంది. అలాగని ప్రతి తిట్టూ అట్రాసిటీ కాదు. ఎదుటి మనిషి దళితుడని తెలిసి తిట్టినంత మాత్రాన సరిపోదు, ఆ కులం వాడనే కారణంగా కించపరచాలన్న ఉద్దేశం కనబడాలని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ తీర్పు మీద మనకు వాదన ఉండొచ్చు. స్టేషన్‌లో అడుగుపెట్టే ముందు తెలిసి ఉండటం మాత్రం అవసరం.

స్టేషన్ దాకా వెళ్లాలంటే చేతిలో రుజువు కావాలి. పిల్లలు చేసే మొదటి పని కోపంలో బ్లాక్ చేయడం, రెండోది ఆ కామెంటు డిలీట్ చేయడం. రెండూ ఆపండి. ముందు స్క్రీన్‌షాట్ తీయండి. కామెంటు ఒక్కటే కాదు, ప్రొఫైల్ పేరు, తేదీ, సమయం, పైన ఉన్న పోస్టు అన్నీ పడేట్టు. లింకు కాపీ చేసి ఒకచోట రాసుకోండి. పేరు రేపు మార్చేస్తాడు, లింకు పట్టిస్తుంది. వీలైతే స్క్రోల్ చేస్తూ స్క్రీన్ రికార్డింగ్ తీయండి. ఆ ఫోన్‌ను ఫార్మాట్ చేయొద్దు, అమ్మొద్దు. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఒక ధ్రువపత్రం తప్పనిసరి. పాత చట్టంలో 65బి అనేవారు, 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియంలో అది సెక్షన్ 63. అందులో ఒక భాగం ఫోన్ ఉన్నవారు, ఇంకో భాగం నిపుణుడు నింపాలి. దీని గురించి లాయర్‌ను మొదటి రోజే అడగండి.

ప్లాట్‌ఫామ్‌కు కూడా రిపోర్టు చేయాలి, రుజువు దాచుకున్నాకే. మెటా, యూట్యూబ్ ద్వేష ప్రసంగ నియమాల్లో మతం, జాతితో పాటు కులం అన్న మాట కూడా ఉంది. ఇది ఊరికే రాలేదు, దళిత కార్యకర్తలు ఏళ్ల తరబడి వెంటపడితే వచ్చింది. కాబట్టి రిపోర్టు చేసేటప్పుడు 'స్పామ్' అని కాకుండా ద్వేష ప్రసంగం అనే నొక్కండి. తెలుగు తిట్టు కంపెనీ మెషీన్‌కు అర్థం కాక 'మా నియమాలకు విరుద్ధం కాదు' అని జవాబు రావడం మామూలే. 2021 ఐటీ నిబంధనల ప్రకారం పెద్ద ప్లాట్‌ఫామ్‌లన్నీ మన దేశంలో ఫిర్యాదుల అధికారిని పెట్టాలి. వారి జవాబు నచ్చకపోతే 30 రోజుల్లో కేంద్రం ఏర్పాటు చేసిన అప్పీలు కమిటీకి వెళ్లొచ్చు. ఆ దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, లాయర్ అక్కర్లేదు. మనవాళ్లు దీన్ని చాలా తక్కువగా వాడుతున్నారని మా అనుభవం.

పోలీసు కేసు విషయంలో ఒకటే గుర్తుపెట్టుకోవాలి. అట్రాసిటీ కేసు నమోదుకు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 2018లో చేర్చిన 18ఎ చెబుతుంది. 'విచారించి చూస్తాంలే' అంటే ఆ సెక్షన్ చూపించండి. దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ స్థాయి అధికారి. కాలేజీలో జరిగితే 2012 యూజీసీ సమానత్వ నిబంధనల కింద వివక్ష వ్యతిరేక అధికారికి రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

అమ్మాయిల ఫొటోలు మార్ఫింగ్ చేసి బెదిరించేవాళ్లు వేరే రకం. వాళ్లతో బేరం ఆడొద్దు, డబ్బు పంపొద్దు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో మహిళలు, పిల్లల మీద నేరాలకు పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. స్కాలర్‌షిప్ వచ్చిందని, ఓటీపీ చెప్పమని వచ్చే కాల్స్‌కు మన హాస్టల్ పిల్లలు తేలిగ్గా దొరుకుతారు. ఎందుకంటే వాళ్లు నిజంగానే స్కాలర్‌షిప్ కోసం ఎదురుచూస్తుంటారు.

చంపినవాడు తీసిన వీడియో

2016 జూలైలో గుజరాత్‌లోని ఉనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత యువకులను కారుకు కట్టి కొట్టారు. ఆ వీడియో తీసింది, తిప్పింది కొట్టినవాళ్లే. మాతో పెట్టుకుంటే ఇదీ గతి అని చూపించడానికి. అదే వీడియో వాళ్ల మెడకు చుట్టుకుంది, దేశమంతా లేచింది. కాబట్టి దాడి వీడియోలు షేర్ చేయొద్దని తేలిగ్గా చెప్పలేం. మనం తిప్పకపోతే టీవీలు చూపించేవి కావు.

అయితే ప్రతి ఫార్వర్డూ ఉనా కాదు. 2020లో హత్రాస్ ఘటన అప్పుడు న్యాయం కోసమే అనుకుంటూ జనం బాధితురాలి ఫొటో, పేరు తిప్పారు. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెట్టడం నేరం. అప్పట్లో ఐపీసీ 228ఎ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72, రెండేళ్ల దాకా జైలు. అంతకంటే ఘోరం, సంబంధం లేని మరో మహిళ ఫొటోను హత్రాస్ బాధితురాలి ఫొటోగా తిప్పేశారు. ఆమె అప్పటికే చనిపోయింది. భర్త ఢిల్లీ హైకోర్టు గడప తొక్కాల్సి వచ్చింది. మన కోపం నిజమే, కానీ ఆ కోపంతో మనం నొక్కిన బటన్ ఇంకో ఇంటి మీద పడింది.

మేం పాటించేది ఇది. మొహాలు మసక చేస్తాం. ఇంటివాళ్లను అడగకుండా శవం ఫొటో పెట్టం. ఎప్పటిది, ఎక్కడిది తేలనిదే తిప్పం. అసలు ఫైలును ఎడిట్ చేయకుండా లాయర్‌కు పంపుతాం. వాట్సాప్‌లో పంపితే నాణ్యత, ఫైలు వివరాలు పోతాయి కాబట్టి డాక్యుమెంట్‌గా పంపుతాం.

మన నోరు

చివరికి, అందరికీ ఇబ్బందిగా ఉండే సంగతి. 2024 ఆగస్టు 1న ఎస్సీ వర్గీకరణ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక మన గ్రూపుల్లో ఏం జరిగిందో కొత్తగా చెప్పాల్సిన పని లేదు. వర్గీకరణ మీద ఎవరి వైపు వారికి వాదన ఉంది, చరిత్ర ఉంది. వాదించుకోవాల్సిందే. కానీ మాలలు, మాదిగలు ఒకరినొకరు తిట్టుకున్న మాటలు స్క్రీన్‌షాట్లుగా మారి పైకులాల గ్రూపుల్లో నవ్వులపాలయ్యాయి. ఉపకులాల వాళ్ల గురించి అన్న మాటలు ఇంకా అన్యాయం. అట్రాసిటీ చట్టం ఎస్సీ, ఎస్టీలు కానివాళ్లు చేసిన నేరాలకే వర్తిస్తుంది. మనలో మనం అన్న మాటలకు ఆ చట్టం రాదు. అందుకని అనొచ్చని కాదు కదా.

ఇంకో భయం పిల్లల్లో ఉంది. గ్రూపులో ఎవడో ఏదో పెడితే అడ్మిన్ జైలుకు పోతాడని. ఉమ్మడి ఉద్దేశం లేకుండా సభ్యుడి పోస్టుకు అడ్మిన్‌ను బాధ్యుణ్ని చేయలేమని బాంబే హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. ఐటీ చట్టంలో 66ఎ 2015 మార్చి 24నే కొట్టివేతకు గురైంది. ఎవరైనా ఆ సెక్షన్ పేరు చెబితే ఆ మాట అడగండి. వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొట్టాడని కేసు పెట్టడానికి మాత్రం వేరే సెక్షన్లు ఉన్నాయి, మన పిల్లల మీద అవి తేలిగ్గా పడతాయి. దేవుళ్లను తిట్టే మీమ్ ఫార్వర్డ్ చేసి ఉద్యోగం, వీసా, ఏడాది చదువు పోగొట్టుకున్న కుర్రాడికి ఎవరూ ఫీజు కట్టరు. కుల వ్యవస్థను విమర్శించు, గ్రంథాన్ని విమర్శించు, ఆధారంతో, పేజీ నంబరుతో విమర్శించు. బూతు అక్కర్లేదు. పేజీ నంబరే వాళ్లకు ఎక్కువ మండుతుంది.

ఇవన్నీ ఉపన్యాసంగా చెబితే పిల్లలు ఫోన్ చూసుకుంటూ కూర్చుంటారు. అందుకే మేం ఆ ఫోన్లతోనే మొదలుపెడతాం. ప్రతి ఒక్కరూ తమ గ్యాలరీలోంచి ఒక ఉద్యమ పాట తీయాలి, వారం రోజుల్లో రాసిందెవరో, మొదట పాడిందెవరో, ఏ ఊరో కనుక్కుని రావాలి. పెద్దవాళ్లకు ఫోన్ చేయాలి, పాత పాటల పుస్తకాలు తిరగేయాలి. దొరికిన పేరును పాటతో పాటు మళ్లీ పోస్టు చేయాలి. దొరక్కపోతే 'రాసినవారి కోసం వెతుకుతున్నాం' అని రాయాలి. ఇంటికెళ్లినప్పుడు ఇంట్లోనో వాడలోనో పాడే మనిషిని రికార్డు చేసుకురావాలి. రికార్డింగ్ మొదట్లోనే వారి గొంతుతో పేరు, ఊరు, ఇది నెట్‌లో పెట్టుకోవచ్చా లేదా అన్నది చెప్పించాలి. వద్దంటే పెట్టకూడదు. పెట్టుకోమంటే, డబ్బులొస్తే ఎంత ఎవరికో ఒక తెల్లకాగితం మీద రాసి, ఇద్దరూ సంతకమో వేలిముద్రో వేసి, ఒక కాపీ ఆ ఇంట్లో ఉంచి రావాలి.